బాణం లేని కార్డు

"కరకట్ట వల్ల తండాకి ముప్పు పెరుగుతుందా? అవునన్నవాళ్ళు చెయ్యెత్తండి" అంది జ్యోత్స్న.

కోటేష్ గబుక్కున తలెత్తాడు. పోయిన ఎండాకాలం వాగు వెంట ఆ కట్ట కాంట్రాక్టు పట్టి పోయించింది అతనే. ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అయినా గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అటూ ఇటూ చూశాడు.

పంచాయతీ ఆఫీసు రేకుల మీద వాన దంచుతోంది. వరదొస్తే తండాకి దేనివల్ల ముప్పో జనం చేతే తేల్చించడానికి భద్రాచలం నుంచి వచ్చిందా అమ్మాయి. గోడ నిండా కార్డులు: వాన, వాగు, చప్టా, కరెంటు తీగలు, కరకట్ట. రెండేసి కార్డులు చూపించి, దీనివల్ల అది పెరుగుతుందా అని అడుగుతుంది. చేతులు లేస్తే బాణం గీస్తుంది. ఎక్కువ బాణాలు ఎక్కడ మొదలైతే ముప్పుకి మూలం అదేనట.

తండాలో పెద్ద అయిన నాయక్ చెయ్యి లేవందే ఇంకో చెయ్యి లేవదు. ఆ సంగతి పాపం జ్యోత్స్నకేం తెలుసు! కోటేష్‌కి తెలుసు. అందుకే నాయక్ రూప్‌సింగ్ పక్కనే చతికిలబడ్డాడు.

"కట్ట మస్తు గట్టిది మామా. చెయ్యెత్తకు" అన్నాడు చెవిలో.

రూప్‌సింగ్ చేతులు కట్టుకున్నాడు. అందరూ కట్టుకున్నారు.

"తట్టలు మోసిన దాన్ని నేను బిడ్డా! పైన ఎర్రమట్టి, లోపలంత వాగు ఇసుకే" అంటూ ముసలి గోరి లేచింది.

"మన్నేందో ఇసుకేందో నీకు కనవడ్తదా? కూసో అవ్వా!" అని కోటేష్ నవ్వాడు. పదిమంది నవ్వారు. గోరి కూర్చుంది. మట్టికి బదులు ఇసుక నింపించాడన్న సంగతి బయటపడితే జైలే మరి!

కరకట్ట కార్డు ఎనిమిదిసార్లు వచ్చింది. ఎనిమిదిసార్లూ ఒక్క చెయ్యి లేవలేదు.

"చూశారా? కరకట్ట నుంచి ఒక్క బాణం కూడా రాలేదు. అంటే తండాలో భయం లేని చోటు అదొక్కటే. నేనన్నది కాదు, మీరంతా చెప్పిందే" అంది జ్యోత్స్న.

రూప్‌సింగ్ ఫోన్ పట్టుకుని బయటికి పోయాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాడు కోటేష్. అడవిలో కురిసిన వానంతా వాగులోకే దిగినట్టుంది, హోరు గది లోపలికి వినిపిస్తోంది.

అరగంట తర్వాత నాయక్ తడిసి ముద్దయి తిరిగొచ్చాడు.

"ఎటు పోయినవ్ మామా?"

"వాగు చప్టా మీదికెక్కింది అల్లుడా. ఆడోళ్ళను, పిల్లగాండ్లను ట్రాక్టర్లెక్కిచ్చి జల్దీ కట్ట మీదికి తోలిన. నీ పెండ్లాం పుష్పనే నయం, మీ పిల్లలిద్దరిని తీస్కొని అందరికంటే ముందు పోయింది."