గంతులెయ్యని గోల్

"ఇవాళ గోల్ కొట్టకపోతే వచ్చే ఏడు నీకిక్కడ చోటు లేదోయ్," అన్నాడు మేనేజర్ తన స్ట్రైకర్‌తో.

ఇద్దరు యజమానులను సేవించలేరంటుంది బైబిల్ వాక్యం. స్ట్రైకర్ క్లైవ్ హెబ్డన్ తొమ్మిది ఫుట్‌బాల్ క్లబ్బులను సేవించి వచ్చాడు. వాటిలో ఒకటైన హార్విక్ మీదే చివరి నిమిషంలో గోల్ కొట్టాడు.

పాత క్లబ్బు మీద కొడితే గంతులెయ్యకూడదు, అది మా ఆటలో మర్యాద. క్లైవ్ తల వంచి, రెండు చేతులూ ఎత్తి, హార్విక్ జనాన్ని క్షమించమని వేడుకున్నాడు. బైబిల్లో వేషధారులని పేరుపడ్డ పరిసయ్యులకు కూడా అంత వినయం నటించడం రాదు!

వంచిన తలకు లైన్స్‌మన్ ఎత్తిన జెండా కనబడలేదు. ఆఫ్‌సైడ్. గోల్ చెల్లదు.

హార్విక్ అభిమాని, ముసలి మేవిస్, కంచె మీదికి వంగి కేకేసింది: "ఏడవకు నాయనా! మా దగ్గరున్నన్నాళ్ళూ ఒక్కటీ కొట్టలేదు, ఇవాళా కొట్టలేదు. భళా, నమ్మకమైన దాసుడా!"