పెరుగన్నం తిన్న కుక్క

"గొర్రె పురుగంట బాషన్నా. మా పాప హరిత లివర్లో నీటిబుడ్డ ఉండాదంట, కోసి తీయల్లంట," అన్నాడు వీరభద్రయ్య శెట్టి, ఎన్నడూ తొక్కని మటన్ అంగడి ముందు నిలబడి. "గుడ్డు కూడా ముట్టని ఇల్లు మాది. యాడినుంచి వచ్చినట్టు?"

"దొంగతనంగా మా బిర్యానీ తినిందేమో అడుగప్పా," అన్నాడు ముసలి హుస్సేన్ బాషా అలవాటుగా. శెట్టి కళ్లు చూసి నవ్వు మింగేశాడు.

గొర్రెల పురుగుల మీద పరిశోధనకని అంగడికి వచ్చిన డాక్టరమ్మ తలెత్తింది. "మాంసం తింటే రాదండీ. నీటిబుడ్డలున్న గొర్రె లివర్, అదే కార్జం, తిన్న కుక్క కడుపులో ఆ పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క బొచ్చుకు అంటుకుని, నిమిరిన పిల్లల నోట్లోకి పోతాయి. మీకు కుక్క ఉందా?"

"ఉండాది. పాప దాన్ని వదల్దు. కానీ అదీ మా మాదిరే, పెరుగన్నమే తింటాది."

ఆ పెరుగన్నం బలంతోనే శెట్టి కుక్క చిరుతను కొండదాకా తరిమిందని ఊరంతా కథ చెప్పిన బాషా, చేతిలో కత్తిని మాంసం కొట్టే మొద్దు మీద పెట్టేశాడు.

"తాతా, బుడ్డలున్న కార్జాలు మీరేం చేస్తారు?" అడిగింది డాక్టరమ్మ.

అంతలోనే శెట్టి కుక్క వచ్చింది. రోజూ కూర్చునే చోటే, మొద్దు పక్కన కూర్చుని, బాషా చేతికేసి చూస్తూ తోక ఊపింది.