ఇంకా కొంచెం వణుకు

"ఇంకా వణుకుతోందా?" వ్యాను కింద పడుకునే అడిగింది ఇంజినీరు.

"కొంచెం ఉందండీ," అన్నాడు డ్రైవరు స్టీరింగు పట్టుకుని. "మలుపులో మరీనూ."

ఆమె నిట్టూర్చి స్పానరు అందుకుంది.

వేగం అందుకోగానే ముందు చక్రాలు గజగజలాడటం ఆ కంపెనీ వ్యాన్లకున్న జబ్బు. మామూలు స్ప్రింగుకు చిన్న బరువు తగిలించి చక్రం దగ్గర బిగిస్తే, ఏదో ఒక్క వేగంలోనే వణుకును మింగేది. వేగం మారితే కథ మళ్ళీ మొదటికొచ్చేది. అందుకే ఆమె నొక్కినకొద్దీ బిగుసుకునే కొత్తరకం స్ప్రింగు తయారుచేసి ఈ వ్యానుకు బిగించింది. బండి ఎంత వేగంలో ఉన్నా అది వణుకును పట్టేస్తుందని ఆమె నమ్మకం.

రోజూ అదే వరస. ఇద్దరూ టెస్ట్ ట్రాక్ మీద చుట్లు కొట్టడం, అతను "ఇంకా ఉందండీ" అనడం, ఆమె కిందికి దూరి ఏదో విప్పి ఏదో బిగించడం. మధ్యలో టీ. తన డ్రైవింగు పరీక్షలో పరీక్ష పెట్టే అధికారి స్కూటరునే గుద్దిన సంగతి అతను చెబుతుంటే ఆమెకు నవ్వుతో పొలమారింది. అంతలో అతని చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఈమధ్య ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటట్లేదట! అమ్మ చెప్పింది. ఏంటి సంగతి?"

ఫోను స్పీకరులో ఉంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె వినపడనట్టే టీ ఊదుకుంది.

ఆ శుక్రవారం మేనేజరు నేరుగా షెడ్డుకే వచ్చాడు.

"ఇన్నాళ్ళయినా వణుకు తగ్గలేదంటే ఇక లాభం లేదమ్మా. ఈ పని ఇక్కడితో ఆపేద్దాం."

ఆమె మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయింది. అంతలో డ్రైవరు ఒక్క అంగలో ముందుకొచ్చాడు.

"ఆగండి సార్! ఆవిడ తప్పేం లేదు. వణుకు మొదటిరోజే పోయింది. స్టీరింగు వెన్నలా తిరుగుతోంది."

"మరి రోజూ ఉందన్నావేమయ్యా?"

అతను తల గోక్కున్నాడు. "బాగైపోయిందంటే మేడమ్ మళ్ళీ ఈ షెడ్డు మొహం చూడరు కదా సార్."

మేనేజరు నోరెళ్ళబెట్టాడు. "విన్నావామ్మా? ఇన్నాళ్ళూ నిన్ను ఊరికే బండి కింద దొర్లించాడు!"

ఆమె స్పానరు పక్కన పెట్టి, నవ్వు ఆపుకుంటూ తల వంచుకుంది.

"చక్రానికి పెట్టిన నా సెన్సర్లు వణుకు పోయిందని ఆ మొదటిరోజే చెప్పేశాయి సార్."