గేటు దాటని బండి

“మీ ఆయనా నేనూ ఒకే గదిలో ఉన్నామమ్మా.”

రేవు యార్డు గేటు దగ్గర ఆ మాట అన్న మొదటి మనిషిని ఆమె నమ్మింది.

కూర్చోబెట్టి టీ ఇప్పించింది. చివరి రోజుల్లో ఆయన ఎలా ఉన్నాడని అడిగింది. అతను కళ్ళు తుడుచుకుంటూ అన్నీ చెప్పాడు. బండి విడిపించే పూచీ తనదన్నాడు. ఒక్క సంతకం చాలన్నాడు. ఖర్చులకని ఆమె చేతిలో ఉన్నది ఊడ్చుకుపోయాడు. మళ్ళీ కనిపిస్తే ఒట్టు.

“కారు అద్దానికి అంటించిన చీటీ మీద పేరు చదువుకుంటారమ్మా. ఇక్కడి బ్రోకర్లందరిదీ అదే పాట,” అన్నాడు వాచ్‌మన్, అంతా అయ్యాక, తీరిగ్గా.

ఆ దెబ్బతో ఆమెకు బుద్ధొచ్చింది.

పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు ఆమె. భర్త పరాయి దేశంలో క్రేన్ నడిపేవాడు. ఓ పొద్దున గుండె ఆగింది. మనిషికి అక్కడే అంత్యక్రియలు చేశారు. కొన్నాళ్ళకు ఆయన కారు ఓడెక్కి వచ్చింది. కంపెనీ పంపి ఉంటుందనుకుంది. ఎవరినీ అడగాలని తోచలేదు. అప్పట్లో ఆమెకు ఏదీ తోచేది కాదు. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేది.

కారు మీద మోజుండి కాదు ఆమె తిరుగుతున్నది. గది నిండా జనమని, ఆయన డ్యూటీ దిగాక కారులో కూర్చుని ఫోన్ చేసేవాడు. అక్కడి సంగతులు, మనుషుల పేర్లు ఏవీ చెప్పేవాడు కాదు. ఇంట్లో కుళాయి కారడం ఆగిందా లేదా అన్నది మాత్రం గుచ్చి గుచ్చి అడిగేవాడు. వాళ్ళ కాపురమంతా ఆ సీట్లోంచే జరిగింది. ఆ సీట్లో ఒక్కసారి కూర్చోవాలి. ఆమెకు కావలసింది అంతే.

చట్టానికి కావలసినవి చాలా ఉన్నాయి. స్టీరింగు అవతలి వైపుంది. దీపాల వెలుగు ఇక్కడి రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడుతుంది. బండి ఈ దేశానికి పనికొస్తుందని తయారుచేసినవాళ్ళు రాసివ్వాలి. కస్టమ్స్ ఆఫీసులో ఈ కౌంటరు వాళ్ళు ఆ కౌంటరుకు పంపితే, వాళ్ళు ఇటే తిప్పి పంపేవారు. పోనీ, ఒకసారి తలుపు తీయమంటే సీలు వేశాం కుదరదనేవారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

“వీటన్నిటికీ మినహాయింపు ఉందమ్మా,” అన్నాడు ఒకరోజు గుమాస్తా. “అక్కడ వాడుకున్న సొంత బండిని మనిషి తన వెంట తెచ్చుకుంటే. ఎవరి పేరున ఉందో వాళ్ళు స్వయంగా రావాలి.”

“ఆయన పోయారండీ.”

“తెలుసమ్మా,” అన్నాడు గుమాస్తా. ఇంకేమైనా అంటుందేమోనని ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కాగితాలు సంచిలో పెట్టుకోవడం చూసి తల దించుకున్నాడు.

ఆ రోజే రెండో మనిషి తగిలాడు. నెరిసిన తల, నలిగిన చొక్కా. కారు పక్కన నిలబడి, జేబురుమాలుతో అద్దం మీది దుమ్ము తుడుస్తున్నాడు. ఆమెను చూసి గబగబా ఎదురొచ్చాడు.

“అమ్మా, మీ ఆయనా నేనూ ఒకే గదిలో...”

“తెలుసు,” అంది ఆమె. “కన్నీళ్ళు కూడా వస్తాయా మీకు?”

అతను తెల్లబోయాడు. “మీరొక్క సంతకం పెడితే బండి బయటికొస్తుందమ్మా,” అన్నాడు.

ఆ పాట కూడా ఆమె విన్నదే.

తర్వాత ఎప్పుడు వెళ్ళినా అతను అక్కడే ఉండేవాడు. పైసా ఖర్చుండదని ఒకసారి, పోయినాయన మీద ఒట్టని ఒకసారి చెప్పబోయాడు. మొదటివాడు ఒట్టు దాకా రాలేదు, వీడు వాడికి తాత అనుకుంది. ఓసారి బస్‌స్టాపు దాకా వెంటవస్తే, పోలీసులను పిలుస్తానని నలుగురూ వినేలా చెప్పింది. అతను చేతులు జోడించి వెనక్కి తిరిగాడు. పగలంతా జనం చేత నోళ్ళు తెరిపించే మనిషి, అతన్ని మాత్రం నోరు తెరవనివ్వలేదు. చాలా కాలానికి ఏదో గెలిచినట్టనిపించి, ఆ రోజు కాస్త తిండి తినగలిగింది.

అతను మళ్ళీ కనిపించలేదు. పీడ విరగడైందనుకుంది.

గడువు తీరింది. బండిని వచ్చిన దేశానికి తిప్పి పంపాలి, లేదా నలగ్గొట్టాలి. తిప్పి పంపే తాహతు ఆమెకు లేదు.

యార్డు చివరన మిషను పైనుంచి దిగింది. ముందు అద్దాలు పగిలాయి. తర్వాత పైకప్పు వంగి వంగి సీట్ల మీదికి వచ్చింది. ఆమె చివరిదాకా చూసింది. ఏడుపు వస్తుందేమోనని కాచుకుంది గానీ రాలేదు. ఎవరో కుర్చీ వేస్తే కూర్చుంది.

గుమాస్తా మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

“ఏమీ అనుకోకండమ్మా. మీ మధ్య ఏముందో నాకు తెలీదు. ఆ పెద్దాయన మీద కోపంతో ఇంతదాకా తెచ్చుకోవాల్సింది కాదు.”

“ఏ పెద్దాయన?”

“రోజూ అద్దాలు తుడిచేవాడే. సెలవైపోయి పోయిన వారం వెళ్ళిపోయాడు. ఆవిడకు నన్ను చూస్తేనే ఇష్టం లేదు, బలవంతపెట్టొద్దు, నా ఊసెత్తొద్దు అని మరీ మరీ చెప్పాడు. మీరు అన్నీ తెలిసే వద్దంటున్నారనుకున్నాను.”

“అతను బ్రోకరు కదండీ,” అంది ఆమె.

గుమాస్తా ఆమె చేతిలో ఖాళీ అయిన గ్లాసు అందుకున్నాడు.

“అది వాళ్ళిద్దరూ కలిసి కొనుక్కున్న బండి కదమ్మా,” అన్నాడు. “మీ ఆయన వాటాకు మీరు సరేనని సంతకం పెడితే, తన పేరున విడిపించి మీ గుమ్మంలో పెట్టి పోదామని, సొంత ఖర్చుతో ఓడెక్కించి దాని వెంట వచ్చిన రెండో యజమాని ఆయనే.”