రెండో ఎక్స్‌రే

చిట్టెమ్మను చంపింది కంప్యూటరు. అందులో అమ్మిరాజుకి అనుమానం లేదు.

ఆయుష్షు తీరడం కాదు, దేవుడు పిలవడం కాదు. రాజమండ్రి ఆసుపత్రి ఎమర్జెన్సీలో కొత్తగా పెట్టిన, ఎక్స్‌రేలు చదివే కంప్యూటరు. పెద్దకార్యం భోజనాల్లో విస్తరి ముందు కూర్చున్న ప్రతివాడికీ అదే చెప్పాడు. అరటిగెలలు కొనడానికొచ్చిన షావుకారుకీ చెప్పాడు. వినే ఓపిక లేనివాళ్ళతో మాటలు మానేశాడు.

"ఎంతైనా పుణ్యస్త్రీగా వెళ్ళిందండి బావగారూ," అన్నాడు వెంకటరాజు, రాజమండ్రి బస్సులో. చిట్టెమ్మకి అన్నగారు. తనకు మిగిలిన ఊరట అదొక్కటే. "పసుపు కుంకుమలతో వెళ్ళింది. ఆ అదృష్టం ఎందరికుంటుందండి?"

"మీరు కాసేపు ఊరుకోండి."

బస్సు జొన్నాడ బ్రిడ్జి ఎక్కింది.

అమ్మిరాజు వెళ్తున్నది ఒక్కందుకే. కంప్యూటరు తప్పు చేసిందని ఆసుపత్రి ఒప్పుకోవాలి. దాన్ని పీకి అవతల పారెయ్యాలి. అంతకు తక్కువకి తిరిగి రాడు.

ఎమర్జెన్సీ చూసే డాక్టరు శశిభూషణ్ కుర్చీ చూపించాడు. అమ్మిరాజు కూర్చోలేదు.

"డాక్టరుగారూ, ఆ మిషను ఏం చదువుకుందండి?"

"అంటే?"

"మీరేం చదివారో బయట బోర్డు మీద రాసుకున్నారు. అదేం చదివిందని అడుగుతున్నాను."

"లక్షల ఎక్స్‌రేలు చూపించి నేర్పారండి దానికి."

"లక్షలు చూసింది. మా ఆవిడది మాత్రం చూడటం చేతకాలేదు."

జేబులోంచి రుమాలు తీసి బల్ల మీద విప్పాడు. పసుపుతాడు, దానికి రెండు పుస్తెలు. పుస్తెల పక్కన చిట్టెమ్మ ఎప్పుడూ తగిలించుకునే పిన్నీసులు అలాగే ఉన్నాయి.

"గుండెల్లో నొప్పంటూ తన కాళ్ళ మీద నడిచొచ్చిందండి మీ గుమ్మంలోకి. నేను ఇది పట్టుకుని వెళ్ళాను."

డాక్టరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఆ వేళ ఆటో బోల్తాపడి జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారండి. నేను వాళ్ళ దగ్గరున్నాను. ఎక్స్‌రే తీయగానే కంప్యూటరు చూసి నా ఫోనుకి మెసేజీ పెడుతుంది. ప్రమాదం అన్నవాళ్ళ దగ్గరికి ముందు పరిగెడతాను. అమ్మగారికి గుండె నుంచి వెళ్ళే పెద్ద రక్తనాళం ఉబ్బింది. ఆ వాపు ఛాతీ నడిమధ్యలో కనపడాలి."

"కనపడలేదుగా దానికి!"

"కనపడలేదని అదే చెప్పిందండి." ఫోను తీశాడు. "తెలుగులో చెబుతాను వినండి. ‘మధ్యలో అడ్డు వచ్చింది. చదవడానికి వీల్లేదు. వెంటనే మళ్ళీ తీయండి.’ ఇదీ మెసేజీ. ఎక్స్‌రే గదికి కూడా వెళ్ళింది. రెండోది వస్తుందని నేను చూస్తున్నాను. రాలేదు. ఈలోపు అమ్మగారు..."

"చదవలేనిదాన్ని ఎందుకు పెట్టుకున్నారు? అలంకారానికా?"

ఈసారి అడ్డు తగిలింది వెంకటరాజు. "ఉండండి బావగారూ. మళ్ళీ తీయమని అది చెప్పిందంటున్నారుగా. మరి తీయనిది ఎవరండి? మా చెల్లికి ఎక్స్‌రే తీసిందెవరు?"

"మిషను సంగతి మాట్లాడదాం," అన్నాడు అమ్మిరాజు.

"మనిషి సంగతి కూడా తేలాలి కదండీ."

డాక్టరు బెల్లు కొట్టాడు. ఎక్స్‌రే గదిలో పనిచేసే బేబి వచ్చింది. అమ్మిరాజును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"చిట్టెమ్మగారి ఎక్స్‌రే రెండోసారి ఎందుకు తీయలేదమ్మా?" అన్నాడు డాక్టరు.

బేబి ఒక అడుగు లోపలికి వేసింది.

"చెప్పు," అన్నాడు అమ్మిరాజు. "అందరి ముందూ చెప్పు."

బేబి అతనివంక చూసింది. చెల్లెల్ని పోగొట్టుకున్న వెంకటరాజు వంక చూసింది. తర్వాత ఆమె చూపు బల్ల మీది రుమాలు మీద పడింది. అక్కడే ఉండిపోయింది.

"ఆటోవాళ్ళ హడావుడిలో మర్చిపోయానండి."

వెంకటరాజు కుర్చీ వెనక్కి పడింది. "మర్చిపోయావా? పొయ్యి మీద పాలనుకున్నావా అమ్మా, మర్చిపోవడానికి? మనిషండి! మా చెల్లి!"

"నిన్ను పెట్టిన ఏజెన్సీకి చెబుతాను," అన్నాడు డాక్టరు. "రేపట్నుంచి రానక్కర్లేదు."

"ఆయ్," అంది బేబి.

అమ్మిరాజు రుమాలు ముడి వేయబోయాడు. మానేశాడు. అలాగే ఉండచుట్టి జేబులో కుక్కుకున్నాడు. కంప్యూటర్ని పీకెయ్యమని మళ్ళీ అడగలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డారు. బేబి టిఫిన్ బాక్సు సంచీ పట్టుకుని బయటికొచ్చింది. వెళ్ళబోతూ ఆగింది.

"జాగ్రత్తగా వెళ్ళండి బాబయ్యగారూ. అమ్మగారు పుణ్యస్త్రీగా వెళ్ళారు. బెంగ పెట్టుకోకండి."

అమ్మిరాజు మొహం అటు తిప్పుకున్నాడు.

"ఎంత పొగరండి!" అన్నాడు వెంకటరాజు. బస్సెక్కినా అతని కోపం దిగలేదు. "పాపం, కంప్యూటరు మొత్తుకుంది. ఈవిడగారికి తీరిక లేకపోయింది. ఉద్యోగం పోతే సరిపోతుందేంటండి? కేసు పెడదాం. మీరు ఊఁ అనండి చాలు."

అమ్మిరాజు ఊఁ అనలేదు. చొక్కా జేబు మీద అరచెయ్యి ఒత్తిపట్టి కిటికీలోంచి చూస్తున్నాడు. జొన్నాడ బ్రిడ్జి మీద గోదావరి కనిపిస్తుండగా నోరు విప్పాడు.

"ఈ మాట ఇంక నా దగ్గర ఎత్తకండి బావగారూ."

చిట్టెమ్మ పోయిన రోజున, "మళ్ళీ తీయాలి, ఈసారి మెళ్ళో పుస్తెలు తీసి పక్కన పెట్టండమ్మా," అన్న బేబి చేతిని తోసేసి, "నేను బతికుండగా తియ్యడమేంటి?" అని చిట్టెమ్మను ఎక్స్‌రే గదిలోంచి బయటికి నడిపించుకొచ్చేసిన అమ్మిరాజు, బస్సు దిగింది మొదలు ఆ మాట తనూ ఎవరి దగ్గరా ఎత్తలేదు.