చెట్టు అటు, ఆకు ఇటు

పొద్దున్నే పెరట్లో చీపురు చప్పుడు.

ఆ ఇంట్లో చీపురు పట్టాల్సిన మనిషి ఇంకా మంచం దిగలేదు. మరి ఊడుస్తున్నదెవరు?

ఆమె తలుపు తీసింది. ఎవరో ముసలాయన. వెనకగోడ తలుపు తోసుకుని, సొంత పెరట్లోకి వచ్చినట్టే వచ్చి, రాలిన ఆకుల్ని గోనెసంచిలోకి కూరుతున్నాడు.

"ఎవరండీ మీరు? ఏం చేస్తున్నారు?"

"ఆకులు ఊడుస్తున్నానమ్మా."

"అది కనిపిస్తూనే ఉంది. ఎవరు రమ్మన్నారు?"

ఆయన తలెత్తి మబ్బుకేసి చూశాడు.

"ఎవరూ రమ్మనలేదమ్మా. వాన వచ్చేలా ఉంది. ఈలోపే తీసెయ్యాలి."

గోడవతల నీళ్ల ట్యాంకు ఆవరణ. అందులో పెద్ద యూకలిప్టస్ చెట్టు. చెట్టు అటు, ఆకు ఇటు.

అమ్మ పోయాక ఆమె ఆ ఇంట్లోకి మారి రెండు వారాలే. తన పెళ్లయ్యాక అమ్మ చేరిన ఇల్లది. సెలవులకు వచ్చినా ఎనిమిదికి ముందు లేచిన పాపాన పోలేదు. ఆ పెరటి గురించి ఆమెకు తెలిసిందల్లా అమ్మ చిక్కుడు పందిరే. గోడ పొడవునా ఊదారంగు పూలు, గుత్తులు గుత్తులుగా కాయలు. ఆ కాయ ఇంకెక్కడా చూడలేదు.

"ఏం చేతి చలువండీ మీది!" అనేవారు వీధిలో వాళ్లు.

అమ్మ నవ్వి గోడవైపు చెయ్యి చూపించేది. ట్యాంకు నీళ్ల మహిమంటోంది కాబోలనుకునేవారు అందరూ.

ఇప్పుడు పందిరి లేదు. అమ్మ పౌడరు డబ్బాలో పదకొండు గింజలు మిగిలాయి. అవే ఆఖరివి.

"ఆ ముసలాయన ఎరువు దొంగండీ," అంది భర్తతో.

"నీ బోటనీ డిగ్రీ ఏమంటోంది?"

"రాలిన ఆకును మించిన ఎరువు లేదంటోంది."

"అయితే కేసు గట్టిదే," అన్నాడాయన పేపరు తిరగేస్తూ.

మర్నాడు చీపురు చప్పుడు కాగానే ఆమె సిద్ధంగా ఉంది.

"రేపట్నుంచి రాకండి. మా పెరట్లో రాలినవి మావి. పాదులో వేసుకుంటాం."

ముసలాయన చేతిలో చీపురు ఆగింది.

"ఈ ఆకు మాత్రం వద్దమ్మా. ఆ చెట్టు కింద గడ్డయినా మొలిచిందేమో చూడండి. ఆకు వానకు నాని, సారం నేలలోకి దిగిందా, గింజ కళ్లు తెరవదు."

"నేను బోటనీ చదివానండీ."

"అలాగామ్మా," అన్నాడు ఎంతో మర్యాదగా. "అయితే మీకు తెలిసే ఉంటుంది."

చీపురు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆమె వెనకగోడ తలుపుకు గడియ పెట్టింది.

పదకొండు గింజలూ నాటి, పైన ఆకు మందంగా పరిచింది, పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు. మూడు రోజులు వాన. పెరడంతా తలనొప్పి మందు వాసన.

రెండు వారాలకు మూడు మొలకలు పసుపుపచ్చగా తల ఎత్తి, ఎందుకొచ్చిన గొడవలే అన్నట్టు వాలిపోయాయి. మిగతా ఎనిమిదీ తవ్వి చూస్తే నల్లగా కుళ్లి ఉన్నాయి.

భర్త బోటనీ ఊసెత్తలేదు. పాతికేళ్ల కాపురంలో ఆయన చేసిన మహోపకారం అదే.

ఆమె అటక మీది పాత పుస్తకం దించింది. కొన్ని చెట్లు వదిలే రసాయనాలు పక్క మొక్కల్ని ఎదగనివ్వవని ఒక పేరా. దాని కింద ఎర్రసిరాతో గీత. పక్కన తన దస్తూరీయే: "పరీక్షకు ముఖ్యం."

ట్యాంకు దగ్గరికి పరుగెత్తింది.

"ఆకులు ఊడ్చే తాత ఇల్లెక్కడ?"

"మా పాత తోటమాలేనా?" అన్నాడు పంపు ఆపరేటరు. "చనిపోయి వారమైందమ్మా. ఇల్లు అదిగో, సందు చివర."

సందు చివర ఇంటి ముందు పందిరి. ఊదారంగు పూలు. అచ్చం అమ్మ పందిరి పూలే.

తోటమాలి కూతురు బయటికొచ్చింది.

"మీరు ట్యాంకు వెనకింటి అమ్మగారి అమ్మాయా? ఈ పాదు ఆవిడిచ్చిన గింజలదే. ఏటా తొలికాపు నాన్నకే పంపేవారు."

"మీ నాన్నగారికా? ఎందుకని?"

"ఆ చెట్టు నాటింది నాన్నే కదా. అది ఎదిగాక ఒక ఏడు మీ అమ్మగారి పాదు మొత్తం మాడిపోయిందట. కొట్టేస్తానంటే ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదు. అప్పట్నుంచి రోజూ వెళ్లి ఊడ్చొచ్చేవాడు. వానాకాలం ముందు గోడ వెంట తవ్వి వేళ్లు కూడా నరికేవాడు. ఇరవయ్యేళ్లు. జ్వరమొచ్చినా ఆగలేదు. ఈమధ్యే ఎందుకో మానేశాడు. అడిగితే, 'ఆ అమ్మాయి చదువుకుందిలే' అన్నాడు."

తోటమాలి కూతురు విత్తనానికని వదిలిన కాయలు నాలుగు తెంపి, ఆమె దోసిట్లో పెట్టింది.

ఆమె ఇంటికొచ్చి, వెనకగోడ గడియ తీసి, చీపురు అందుకుంది.

ఒంగి మొదటి ఆకు ఊడుస్తుంటే తెలిసింది: ఎవరు మెచ్చుకున్నా అమ్మ చెయ్యి చూపించింది ట్యాంకును కాదు, దాని నీడలో చీపురు పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని.