ఎర లేని గాలం

ముసలి వాటీ గాలానికి ఎర లేదు.

బైనాక్యులర్స్‌లో కెర్రిన్‌కి ఆ సంగతి స్పష్టంగా కనిపించింది. ముసలాయన పడవలోంచి దారాన్ని నీళ్లలోకి జారవిడిచాడు. దాని చివర ఎర కాదు కదా, కొక్కెం కూడా లేదు. చిన్న సీసపు గుండు మాత్రం వేలాడుతోంది. పక్కనే ఆయన భార్య నోలా ఒళ్లో దుప్పటి కప్పుకుని, అల్లం బిస్కెట్టు టీలో ముంచుకుని తింటోంది.

బ్యానక్ సరస్సులో ఎవరో దొంగతనంగా వలలు వేస్తున్నారు. ట్రౌట్ చేపైనా సాల్మన్ చేపైనా గాలంతోనే పట్టాలి. వల వేస్తే పడవతో సహా జప్తు. కిందటి వారం ఒడ్డుకి ఓ తెగిన వల కొట్టుకొచ్చింది. దాని నిండా కుళ్లిపోయిన సాల్మన్లు. ఆ వాసన కెర్రిన్ ముక్కుని ఇంకా వదల్లేదు. చేపల కాపలా ఉద్యోగానికి ఉత్తర దీవి నుంచి ఈమధ్యే వచ్చింది. వచ్చీ రాగానే ఇది నెత్తిన పడింది.

వాటీ మీద ఆమెకి అనుమానం కలిగించినవాడు బ్రెంట్. సెలవులకి క్రైస్ట్‌చర్చ్ నగరం నుంచి వచ్చి ఒడ్డున డేరా వేసుకున్నాడు.

"ఆ ముసలాయన మీద ఓ కన్నేసి ఉంచు. మేమంతా వాగు కలిసే చోట చేరతాం. చేపలు తిరిగేది అక్కడే. ఆయన మాత్రం రోజూ నడిమధ్యలో, అదే చోట ఆగుతాడు. మొన్న నా పడవ అటు పోనిస్తే చేతులూపుతూ తరిమేశాడు. కింద ఏం దాచాడో మరి!"

"పాపం, ఆవిణ్ణి కూడా తీసుకెళ్తున్నాడుగా?"

"అదే తెలివి. పక్కన ముసలమ్మ ఉంటే నీలాంటివాళ్లు ఇలాగే పాపం అంటారు."

ఆ సాయంత్రం పడవ ఒడ్డుకి చేరగానే కెర్రిన్ ఎదురెళ్లింది. లైసెన్సు అడిగింది. ఉంది. బుట్టలోకి తొంగిచూసింది. ఖాళీ.

"ఒక్కటీ పడలేదా, పెద్దాయనా?"

"లేదమ్మాయ్."

"ఎర లేకుండా ఎలా పడతాయి?"

వాటీ గాలాన్ని చప్పున వెనక్కి లాక్కున్నాడు. వెంటనే నవ్వేశాడు. "పడితే వంగి విప్పాలి కదా! ఈ నడుంతో నావల్ల కాదు."

"మరి గాలం ఎందుకు?"

"అది కూడా లేకుండా సరస్సు మధ్యలో కూర్చుంటే పిచ్చోడంటారు."

నోలా చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దింపాడు. ఆమె మాత్రం కదలనని మొండికేసింది. "ఎక్కడికి తీసుకెళ్తున్నావు నన్ను? నేను రాను." ఆమె కళ్లలో నీళ్లు కెర్రిన్ కంటపడ్డాయి. ఈ మనిషి ఆవిణ్ణి బలవంతంగా తిప్పుతున్నాడా?

"ఆవిడకి మతి నిలకడగా ఉండదులే," అంటూ వాటీ ఆమెని కారు ఎక్కించి తీసుకుపోయాడు.

మర్నాడు కెర్రిన్ ఇంకా శ్రద్ధగా గమనించింది. లంగరు వేసే ముందు వాటీ ఎడమవైపు కొండమీది తెల్లరాయిని చూశాడు. తర్వాత అవతలి ఒడ్డున ఒంటరి పైన్ చెట్టుని చూశాడు. పడవని కాస్త వెనక్కి, కాస్త పక్కకి జరిపాడు. తృప్తి కలిగాకే లంగరు వదిలాడు. నీళ్ల కింద వల దాచేవాళ్లు ఒడ్డు మీది గుర్తుల్ని బట్టి దాన్ని మళ్లీ వెతుక్కునే పద్ధతి సరిగ్గా ఇదే.

ఇక ఆగలేదు. తన పడవ తీసి సూటిగా వాళ్ల వైపు పోనిచ్చింది.

నోలా లేచి నిలబడబోయింది. "అటునుంచి కాదమ్మాయ్! చుట్టూ తిరిగి రా. కిటికీలోంచి ఎవరైనా వస్తారా?"

"కూర్చో, నోలా. పడతావు," అన్నాడు వాటీ.

కెర్రిన్ తన పడవని వాళ్ల పడవ పక్కన చేర్చింది. నోలా ముఖం నిన్నటిలా లేదు. వెలిగిపోతోంది. బిస్కెట్ల డబ్బా ముందుకి చాపింది. "తీసుకో. ముందు ఆ బూట్లు విప్పు, నేలంతా మట్టి చేస్తావు."

కెర్రిన్ బిస్కెట్టు తీసుకోలేదు. నూతిలో పడిన చేదని వెతికే పాతాళగరిగె లాంటి ఇనప కొక్కేల గుత్తిని చేతిలోకి తీసుకుంది. దాన్ని చూడగానే వాటీ మొహంలో నవ్వు మాయమైంది.

"అమ్మాయ్, నీకు దణ్ణం పెడతాను. అది మాత్రం ఇక్కడ వెయ్యకు."

"ఎందుకు వెయ్యకూడదు?"

ఆయన భార్య వైపు చూశాడు.

దొరికిపోయాడు అనుకుంది కెర్రిన్. కొక్కేల్ని నీళ్లలోకి విసిరింది. తాడు జరజరా దిగి, ఎక్కడో ఆగింది. లాగింది. గట్టిగా తగులుకుంది. పడవ ఒక పక్కకి ఒరిగింది. కాళ్లు తన్నిపట్టి, రెండు చేతులతో మళ్లీ లాగింది. కింద ఏదో తెగినట్టయింది. తాడు ఒక్కసారిగా వదులైంది.

పైకి వచ్చింది వల కాదు. తుప్పుపట్టిన రేకు ముక్క. ఒక అంచున ఇంకా ఎర్ర రంగు మిగిలి ఉంది.

నోలా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "వాటీ! చూస్తూ కూర్చుంటావేం? పైన ఎవరో రేకులు పీకుతున్నారు!"

"ఏంటిది, పెద్దాయనా?" కెర్రిన్ గొంతులో అధికారం కాస్త సడలింది.

వాటీ ఆమె చేతిలోంచి ఆ ముక్కని తీసుకున్నాడు. నాచుని మోకాలికి తుడిచాడు. భార్యకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఆనకట్ట కట్టి లోయంతా ముంచేసిన సంగతి ఈవిడ మర్చిపోయి ఇంటికెళ్దామని రోజూ ఏడుస్తుంటే తీసుకొస్తున్నానమ్మాయ్, ఇప్పుడు నువ్వు పీకింది మా వంటింటి కప్పు."